నాలుగో సాంచా మీద పడ్డ చేపలు

పొద్దున ఏడింటికి ఆగయ్య ఉన్‌ అనే పేటలోని నేత కార్ఖానాకు వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, నాలుగో సాంచాకు, అంటే మరమగ్గానికి, నూనె పోసేవాడు. నాడె తుడిచి మీట లాగేవాడు. మధ్యాహ్నానికల్లా తెల్లగుడ్డ మీద ఆరోజు సముద్రంలో తిరిగే జీవాలన్నీ బొమ్మలుగా పడేవి. చందువాలు, సొరలు, తాబేళ్లు. మిగతా సాంచాల మీద ఏమీ పడేవి కావు. కార్ఖానా సేటు ఆ గుడ్డను డిజైను మాలు కింద అమ్ముకునేవాడు.

సలాబత్‌పురా బజారులోని బట్టల వ్యాపారి ఒకడు ఆ గుడ్డను ఒక పెద్ద సభకు ఇస్తానని ఒప్పుకున్నాడు. నడిసముద్రం ఏ ఒక్క దేశానిదీ కాదు గనక, అందులోని జీవాలను అందరూ కలిసి కాపాడాలని దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకుంటాయట. ఆ సభ గోడకు ఈ గుడ్డ కడతారట. కరోనా వచ్చి సభ వాయిదా పడింది. మరుసటేడూ అంతే. వ్యాపారి మాత్రం నేస్తూనే ఉండమన్నాడు.

నేసేకొద్దీ గుడ్డ ఖాళీ అవుతూ వచ్చింది. ఏ చేపైనా వెల్లకిలా పడిందంటే దానికి ఆఖరు దగ్గరపడ్డట్టే. మూడోనాటి నుంచి ఆ జాతి మళ్లీ పడేది కాదు.

ఆగయ్య అల్లుడు పరుశురాం సచిన్‌ అనే పేటలో బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేసేవాడు. కరోనా పేరు చెప్పి తనిఖీవాళ్లు రావడం మానేశాక, మిల్లువాళ్లు రంగునీళ్లను పట్టపగలే ఖాడీలోకి వదలసాగారు. ఆ వాగు పోయి సముద్రంలో కలుస్తుంది. వాల్వు తిప్పేది పరుశురామే. మామ వద్దన్నప్పుడల్లా నవ్వేవాడు.

“అన్ని దేశాలోళ్లను కూసోనియ్యి మామా. గంత పెద్దోళ్లకే తీరలేదు, నేనొక్కన్ని ఆపుతె ఆగుతదా?”

“నీ చేతిదైతె ఆగుతది గద అల్లుడా.”

“నేను గాకుంటె నా జోడీ చిరంజీవి తిప్పుతడు. నీ బిడ్డకు బువ్వ నువ్వు వెడ్తవా మరి?”

ఒక మంగళవారం గుడ్డ మీద మనిషి తల పడింది. కళ్లు మూసుకుని, వెల్లకిలా. తర్వాత భుజాలు, నడుము వచ్చాయి. పక్క సాంచా వెంకటయ్య తొంగిచూసి, “నీ అల్లుడే గద ఆగన్నా” అని పోయి తన నాడె మార్చుకున్నాడు.

సాంచాకు ఎక్కించిన పడుగును, ఆ నిలువు పోగులను, నడుమ కోస్తే ఆయుష్షు కోసినట్టేనని ఆగయ్య తండ్రి చెప్పేవాడు. లాక్‌డౌన్‌లో అందరూ లారీలెక్కి ఊళ్లకు పోయినా, పడుగు అయిపోలేదని ఇక్కడే కూర్చున్న మనిషి ఆగయ్య. బొమ్మ మోకాళ్ల దాకా వచ్చేసరికి సాంచా ఆపి, బొమ్మ పూర్తయితే అల్లుడు దక్కడని పడుగుకు కత్తెర పెట్టాడు.

తెల్లారి పనికి బయల్దేరిన పరుశురాం గడప దగ్గరే కూలబడ్డాడు. మోకాళ్ల కింద కాళ్లు కనబడుతున్నాయి గానీ అతనివి కావన్నట్టున్నాయి. కూతురు సంగీత పిలిస్తే ఆగయ్య వచ్చి, తాను చేసింది దాచకుండా చెప్పాడు. ఆమె తండ్రి మొహం చూడలేదు.

పరుశురాం తన కాళ్లను చేతులతో ఎత్తి గడప లోపల పెట్టుకున్నాడు.

“నా జాగల చిరంజీవిని పంపిన్రు మామా. ఆని బొమ్మ పడ్డదేమో జర సూసిరా.”

“ఏంట్ల సూడాలె? పోగులన్నీ తెగినయ్. మళ్ల ముడేసెటాల్లకు రెండు దినాలు.”

పరుశురాం ఫోను తీసి చిరంజీవికి చేశాడు. వాల్వు ముట్టొద్దని రెండుసార్లు చెప్పాడు. అవతల ఫోను ఎత్తినట్టే ఉంది. వాల్వులోంచి నీళ్లు ఖాడీలోకి పారుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది.