పిచ్చుక అడిగిన మంచినీళ్లు

ఇరవై ఏళ్లుగా ఈ ప్రయోగశాలలో గాజుసామాను కడుగుతున్నాను. బీకరు పగలగొడితే పెద్దసారునైనా సరే కడిగేస్తాను. అలాంటిదాన్ని, ఆ సోమవారం పిచ్చుక ముందు తప్పు చేసినదానిలా తలొంచుకున్నాను.

పిచ్చుక అంటే మా పరిశోధక విద్యార్థిని. మనిషి పిసరంత, గొంతు మాత్రం గదంతా. మొండి రోగాలు తెచ్చే ఒక సూక్ష్మక్రిమి గోడను కరిగించే ప్రోటీన్‌ని మూడేళ్లు కిందామీదా పడి పట్టుకుంది. శుక్రవారం వేరే ప్రయోగశాలల వాళ్లంతా వస్తారు, వాళ్లకి ఆ సంగతి చెప్పాలి. తీరా చూస్తే, గాజు గొట్టాలు మానేసి, కడిగే పనిలేకుండా ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌వి వాడుతున్న దగ్గర్నుంచి ఆ ప్రోటీన్ ఉలకదు, పలకదు.

"శుక్రవారంలోగా మళ్లీ చేసి చూపించకపోతే ఇక ఆపేయమన్నారు పెద్దసారు," అంటూ సింకు పక్కన కూలబడింది. "నా మూడేళ్లూ నీళ్లపాలే పిన్నీ."

"ఏడిచావులే, ముందు ముక్కు తుడుచుకో. గాజు గొట్టాల్లో లేని రోగం వీటికేమొచ్చింది?"

"అదే తెలీడం లేదు. ఆ గాజువీ శుభ్రమైనవే కదా, నువ్వు చివర్న మంచినీళ్లతోనే కడిగేదానివి."

"మరి? కుళాయి తిప్పి, ధారకింద పెట్టి మరీ కడిగాను."

పిచ్చుక తల ఎత్తింది. "కుళాయా? ఏ కుళాయి?"

"మనం తాగేదే! ఇంకేది?"

పిచ్చుక ఇక్కడ చేరిన కొత్తలో "చివర్న మంచినీళ్లతో కడుగు పిన్నీ" అని తనే చెప్పింది. తన ఉద్దేశం ఏ లవణమూ లేని డిస్టిల్డ్ వాటర్. మిగతా అందరూ దాన్ని డిస్టిల్డ్ వాటర్ అనే అడుగుతారు. ఈ పిల్ల ఒక్కతే మంచినీళ్లంది కాబట్టి, ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుని తాగే నీళ్లతో కడిగాను. మూడేళ్లు!

"నా చేతులారా నీ పని నాశనం చేశానే తల్లీ," అన్నాను.

పిచ్చుక నా మాట వింటేగా! పరుగెత్తుకెళ్లి గ్లాసుడు మంచినీళ్లు పట్టుకొచ్చింది. రెండు ప్లాస్టిక్ గొట్టాల్లో క్రిములున్న తెల్లటి నీళ్లూ, ప్రోటీనూ పోసింది. ఒకదాంట్లో కుళాయి నీటిచుక్క, రెండోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసింది. మధ్యాహ్నానికి మొదటిది క్రిములు కరిగి తేటపడింది. రెండోది తెల్లగా అలాగే ఉంది.

"పిన్నీ! దీనికి మన నీళ్లలో ఉన్నదేదో కావాలి!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. గురువారానికల్లా అదేమిటో తేల్చేసింది. మాంగనీసు అనే లోహమట, మన నీళ్లలో ఉండీ లేనంత ఉంటుందట.

శుక్రవారం నేను వెనక వరసలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిచ్చుక గడగడా చెప్పేసింది. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ అడిగారు, "మాంగనీసు సంగతి మీకెలా తట్టింది?"

"నాకు తట్టలేదండీ. మా పిన్ని చెప్తుంది."

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. అన్ని తలలూ నావైపు తిరిగాయి.

"మంచినీళ్లంటే తాగే నీళ్లనుకున్నానండీ," అన్నాను.

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా సారే. ఆ పెద్దావిడ మాత్రం బుద్ధిగా నా మాట రాసుకుంటున్నారు.

సభ అయ్యాక పిచ్చుక చెవి మెలేసి అడిగాను, "ఇంతకీ రేపట్నుంచి దేంతో కడగమంటావే?"

"డిస్టిల్డ్ వాటర్‌తోనే పిన్నీ," అంది నవ్వుతూ. "మంచినీళ్లు ఇక నేను కొలిచి పోసుకుంటాను."