తరాజు మీద యాదవ్వ మొక్కు

భైంసా పత్తి మార్కెట్ల మక్బూల్ వారమంతా పత్తి జోకేటోడు. శుక్రారం నమాజు అయినంక జనం మొక్కులు జోకేటోడు. నోటితోని మొక్కింది ఒక పళ్లెంల పడేది, మనసుల అనుకున్నది రెండోదాంట్ల. రెండూ సరితూగితే ముల్లు నిట్టనిలువుగ నిలబడేది. అట్ల నిలబడ్డ మొక్కును ఎవ్వరూ కాదనేటోళ్లు కాదు. ఎవరి మొక్కు వాళ్లదేనని మక్బూల్ చెవులల్ల ఇంత పత్తి పెట్టుకొని ముల్లు దిక్కే చూసేటోడు.

ఆ శుక్రారం యాదవ్వ వంతు వచ్చింది. పెనిమిటి వెంకటి బొంబాయి మిల్లుకు పోయి నాలుగేండ్లు. అక్కడ ఇంకో సంసారం పెట్టిండని కబురొచ్చి రెండేండ్లు. బాపు హనుమండ్లు ఆమెకు మారుమనువు చూసిండు. "మొక్కు జోకిచ్చుండ్రి. పొద్దుగూకేలోపు ముల్లు నిలబడకపోతె బాపు వెంట పోవుడే" అన్నరు కులపెద్దలు.

అత్త శంకరవ్వ బయట గోడనీడకు కూసున్నది. "నా కొడుకు చేసిన పనికి నీకు అడ్డం చెప్పే మొఖం లేదు బిడ్డా. నీ మనసుకొచ్చింది మొక్కుకో" అన్నది.

యాదవ్వ తడక వెనక తరాజు ముంగట కూసుండి కండ్లు మూసుకున్నది.

"దేవుడా, నా పెనిమిటి తిరిగి రావాలె."

మనసు పళ్లెం దబ్బున కిందికి దిగింది. మక్బూల్ తలకాయ అడ్డంగ ఊపిండు.

"కొత్త మనువు సల్లగుండాలె."

ఇంకింత దిగింది.

"ఏం బిడ్డా, మనసుల బండరాయి పెట్టుకొచ్చినవా?" అన్నడు మక్బూల్.

యాదవ్వకు నవ్వొచ్చింది. ఆ నవ్వుల ఏమేమో యాదికొచ్చినయి. చలిజరం వచ్చినప్పుడు నెలదినాలు అత్త గటుక కలిపి తినిపించుడు. తెల్లగ పూసిన చేన్ల పత్తి ఏరుకుంట, వాగు పారినట్టు ఇద్దరు ఒకరినొకరు ఎక్కిరించుకొని నవ్వుడు. ఏమడగాల్నో ఆలోచించుడే మరిచిపోయి చేతులు జోడిచ్చింది.

"గిసొంటి అత్తనిచ్చినవు, గంతే సాలు దేవుడా. గామెతోని గా చేన్లనే ఉండనియ్యి."

ముల్లు నిలబడ్డది.

హనుమండ్లు తడక జరిపి ఉరికొచ్చిండు. "ఏం మొక్కింది భాయ్?"

మక్బూల్ చెవుల పత్తి తీసిండు. "నాకేమెరుక పటేలా? సరిగ్గ తూగింది. బిడ్డనే అడుగు."

"నేను అత్తతోనే ఉంట బాపు" అన్నది యాదవ్వ.

హనుమండ్లు చానసేపు ఆ ముల్లునే చూసిండు. బయటికొచ్చి, శంకరవ్వ ముంగట తలకు చుట్టిన రుమాలు తీసి చేతుల పట్టుకున్నడు. "అక్కా, నా బిడ్డను నాకంటె మంచిగ చూసుకున్నవు" అన్నడు.

శంకరవ్వ కొంగుతోని మొఖం తుడుసుకొని ఎడ్లబండి ఎక్కింది. పదేండ్లసంది ఎవ్వరికియ్యని పగ్గాలు కోడలి చేతుల పెట్టింది.

"జర నిమ్మళంగ తోలు" అన్నది. "నాకు నడుము నొప్పి."