నాన్న గొంతు కావాలి

మూడో అంతస్తు బాత్రూంలో నీళ్ళు నిలబడ్డాయని శనివారం పొద్దున్నే అమ్మాయిలు వచ్చి నా గది తలుపు కొట్టారు. జాలీ తీసి చూస్తే ఎప్పటిలాగే జుట్టు. పుల్లతో లాగితే సబ్బు నురగతో కలిసి, ముద్దగా, జారుతూ వచ్చింది. ఎవరిదని అడగటానికి లేదు, అందరిదీ. అది తన పని కాదని ఊడ్చే అక్క అంది. "నువ్వే చూడమ్మా" అని వార్డెన్ మేడం ఫోన్లో అన్నారు. నేను ఈ హాస్టల్ స్టూడెంట్ కోఆర్డినేటర్ని. నరసరావుపేట బయట ఉన్న యూనివర్సిటీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ మెట్ల పక్క గదిలో ఉంటాను. వార్డెన్ గ్రేసమ్మ మేడం ఇంటి దగ్గర ఉన్నప్పుడు హాస్టల్ నేనే చూసుకోవాలి. మోటారు వేయటం, జ్వరం వచ్చినవాళ్ళకి జావ కాయించటం, ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపేదాకా పక్కన కూర్చోవటం. దానికి బదులు గది, భోజనం ఊరికే ఇస్తారు. అందుకే నాన్న నా చదువుకి ఒప్పుకున్నాడు. పోయినసారి మా ఊరు మాచవరం వెళ్ళినప్పుడు ఈ పనులన్నీ చెప్తే నాన్న నవ్వాడు. "ఆడపిల్లల్ని ఆడపిల్ల చూసుకోటం కూడా పనేనా? అట్లయితే మీ అమ్మకి నేనెంత జీతమియ్యాల?" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. నేను కంచంలోకి చూస్తూ తిన్నాను.

జుట్టు తీయటానికి నాకు సిగ్గు లేదు. సిగ్గేసే పని వేరే ఉంది. సెలవు రోజు ఎవరైనా, నేనైనా సరే, బయటికి వెళ్ళాలంటే హాస్టల్ ఫోన్లో ముందు మేడంని, తర్వాత వాళ్ళ నాన్నని కలపాలి. స్పీకర్లో పెట్టాలి. గేటు దగ్గర వాచ్‌మన్ మౌలాలీ బాబాయికి కూడా వినపడేట్టు ఆ నాన్న 'పంపండి' అనాలి. అమ్మ చెప్తే పనికిరాదు. "అమ్మలు మెత్తగుంటారు, పిల్లలు ఏడిస్తే సరే అనేస్తారు" అని మేడం నాకు మొదటిరోజే చెప్పారు. మేడంకీ ఇద్దరు ఆడపిల్లలు. ఒకసారి దుర్గి అనే ఊరి నుంచి మా హాస్టల్లో ఉండే సౌందర్య వాళ్ళమ్మ వచ్చింది, పెళ్ళికి తీసుకెళ్తానని. అంకుల్‌తో చెప్పించండి ఆంటీ అన్నాను, ఆవిడ మొహం చూడకుండా. "పెళ్ళెప్పుడో ఆయనకి నేను చెప్తేనే తెలిసింది తల్లీ. ఇప్పుడు ఆయన నీకు చెప్పాల్నా?" అందావిడ. గేటు దగ్గరున్న వాళ్ళంతా నవ్వారు. అప్పటినుంచి సౌందర్య నన్ను పేరుతో పిలవదు. 'ఏజెంటూ' అంటుంది. నాన్నల ఏజెంటు అని.

చేతులు కడుక్కుంటుంటే కింద నుంచి మౌలాలీ బాబాయి కేక. "దుర్గమ్మా, మీ అమ్మొచ్చింది."

అమ్మ గేటు బయట, నీడ పడని వైపు నిలబడి ఉంది. బస్సులో నలిగిన ఆకుపచ్చ చీర. చేతిలో కూర డబ్బా లేదు. అమ్మ ఉత్త చేతులతో రావటం నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి వెళ్ళగానే బాబాయి వింటున్నాడేమోనని అటు చూసి, నా చెవి దగ్గరికి వచ్చింది.

"పేటలో ఆసుపత్రికి పోదాం రా. ఇక్కడ గడ్డలాగా లేచింది" అంది. ఇక్కడ అన్నదే గాని ఎక్కడో చెప్పలేదు. పైట మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది.

"ఎప్పటి నుంచమ్మా?"

"మిరగాయ కోతలప్పుడు తగిలింది చేతికి. తగ్గుద్దిలే అనుకున్నా."

కోతలు అయిపోయి, కళ్ళాలు ఎత్తేసి, మళ్ళీ నారు పోసే రోజులు వచ్చాయి. ఇన్నాళ్ళూ అమ్మ నాకు ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడుగుతూనే ఉంది.

"నాన్నకి చెప్పలా?"

"ఆ మాట ఆయన ముందు ఎట్టంటానే. చెప్పినా, ఆర్ఎంపీ దగ్గర బిళ్ళలు తెచ్చుకోమంటాడు. ఒక్కదాన్నే పోతే డాక్టరుకి ఏం చెప్పాల్నో తెలవదు. నువ్వు పక్కనుంటే చాలు. మధ్యాన్నం దాకే చూస్తారంట."

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఇన్నిసార్లు అన్నాను కదా, దానంతటదే వచ్చింది. "నాన్న ఫోన్లో చెప్పాలమ్మా."

"నేనొచ్చాను కదే."

"అమ్మలు చెప్తే ఇక్కడ పనికిరాదు."

అమ్మకి కోపం రాలేదు. "అట్నా" అంది. పైట సర్దుకుంది. ఇంట్లో కూడా అంతే, ఏ సంగతైనా "నీకెందుకే" అని నాన్న అన్నప్పుడు ఇట్లాగే "అట్నా" అని పైట సర్దుకుని పొయ్యి దగ్గరికి పోతుంది. "సరేలే, నేనే పోతాలే. నువ్వెళ్ళి చదువుకో" అంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. నాన్న మాట నాన్న అంటే వేరు. మాచవరంలో వదిలేసి వచ్చాననుకున్న మాటని ఇక్కడ నేనే, అమ్మతో, చున్నీకి తడిచేతులు తుడుచుకుంటూ అన్నాను.

బయటికి వెళ్ళటానికి తయారై సౌందర్య గేటు దగ్గరే నిలబడి ఉంది. ఎంత విన్నదో తెలియదు. నన్ను పక్కకి లాగింది.

"ఏమే ఏజెంటూ, నాన్న కావాల్నా? మా బావని కలుపుతా. ఎవరి నాన్నగానైనా మాట్లాడతాడు, దగ్గుతో సహా. మీ నాన్న గొంతు మేడంకేం తెలుసు?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే ఫోన్ తీసింది. ఒక్క నిమిషంలో అయిపోయే పని. నేను సరే అనబోయాను కూడా. అమ్మ వైపు చూశాను. స్పీకర్లో ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు దగ్గి, మా దుర్గని పంపండి అంటాడు. అమ్మ పక్కనే నిలబడి వింటుంది. ఆమె ఒంట్లో గడ్డకి ఆసుపత్రికి పోవటానికి, అసలు మొగుడికి తెలియకుండా ఒక దొంగ మొగుడు సరే అనాలి. అది విన్నాక కూడా అమ్మ "అట్నా" అనే అంటుంది. నాకు తెలుసు.

"వద్దులే సౌందర్యా" అన్నాను.

హాస్టల్ ఫోన్ తీసి మేడంకి కలిపాను. స్పీకర్లో పెట్టాను. ఈ ఫోన్ తర్వాత మెట్ల పక్క గది నాకు ఉండకపోవచ్చు. గది పోతే నాన్న ఏమంటాడో కూడా తెలుసు. బయటికి వెళ్ళాల్సిన వాళ్ళు అప్పటికే నా వెనక చేరారు.

"చెప్పు దుర్గా. ఎవరికి?"

"నాకే మేడం. ఆసుపత్రికి వెళ్ళాలి."

"ఏమైందమ్మా? సరే, నాన్నగారిని కలుపు."

"నాన్నని కలపను మేడం. మా అమ్మ వచ్చింది."

"కోఆర్డినేటర్‌వి, నువ్వే ఇట్లా మాట్లాడితే రేపు మిగతావాళ్ళకి ఏం చెప్తావు?"

గేటు సందులోంచి ఫోన్ అమ్మ చేతికి ఇచ్చాను. "మాట్లాడమ్మా" అన్నాను.

అమ్మ ఫోన్ వైపు చూసింది. నా వెనక ఉన్న పిల్లల్ని చూసింది. మౌలాలీ బాబాయి తల దించుకున్నాడు. అమ్మ గొంతు సవరించుకుని, మిరపచేలో గట్టు మీద నుంచి అవతలి సాలు కూలీలని పిలిచేటప్పుడు మాట్లాడేంత గట్టిగా మాట్లాడింది.

"అమ్మా, నేను దుర్గ వాళ్ళమ్మని, కొండమ్మని. నాకు రొమ్ములో గడ్డ లేచింది. డాక్టరుకి చూపించుకోవాల. మా ఆయనకింకా తెలవదు, ఇంటికి పోయినాక నేనే చెప్పుకుంటా. నా బిడ్డని తీసకపోతన్నా."