అటక మీద నాలుగు కోర్ల వైరు

కరెంటు గురించి నాకు తెలిసినంత కరెంటుకే తెలియదు. ఈ మాట నేను సోమవారం పొద్దున తొమ్మిదింటికి మా అక్కతో అన్నాను. తొమ్మిదింపావుకి, ఇంటికి దొంగల అలారం పెట్టడానికి వైరింగ్ మేస్త్రి వచ్చాడు.

"ఎన్ని కోర్ల వైరు తెచ్చుంచావు అబ్బాయ్?" అన్నాడు.

"ఎన్ని కోర్లుంటే అంత మర్యాద కదా బాబాయ్," అన్నాను.

ఆయన నా చేతిలోని వైరు చుట్ట తీసుకుని, కొసని చాకుతో గీకి వెలుతురులో చూశాడు. "లోపలంతా అల్యూమినియం. రాగి, మొహానికి పౌడర్ రాసినంతే ఉంది. ఎక్కడిదిది?"

"పాత స్పీకర్లోంచి పీకాను."

"మళ్ళీ అందులోనే పెట్టెయ్. పాటలైనా వస్తాయి."

అక్క నవ్వలేదు. నవ్వే స్థితిలో లేదు. అక్క ఇంట్లోనే షాపు పెట్టి బట్టలు కుడుతుంది. పది రోజుల కిందట పట్టపగలు, ముందు గదిలో ఎవరికో కొలతలు తీసుకుంటుంటే, ఎవడో పెరటి తలుపులోంచి వచ్చి కుట్టు మిషన్ ఎత్తుకుపోయాడు. అప్పటినుంచీ అరువు తెచ్చిన మిషన్ మీద ఒక కుట్టు, పెరటి తలుపు దగ్గరికి ఒక పరుగు. చొక్కాకి ఒక చెయ్యి కుట్టేలోపు నలభైసార్లు వెళ్ళొచ్చేది. గచ్చు అరిగి కింద పునాది కనిపిస్తుందేమోనని నాకు బెంగ పట్టుకుంది.

"నాకు ఒక్కటే కావాలి బాబాయ్ గారూ," అంది. "అది మోగితే దొంగొచ్చాడని, మోగకపోతే రాలేదని నమ్మాలి. అలా నమ్మలేనంటే ఆదివారం షాపు మూసేసి పెద్దమ్మ వాళ్ళింటికి పోతాను. నా వల్ల కావట్లేదు."

మేస్త్రి తన సంచిలోంచి తెల్ల వైరు చుట్ట తీశాడు. "తలుపుకి పెట్టేదానికి రెండు కోర్లు, అంటే లోపల రెండు తీగలు, చాలమ్మా. గదిలో మనిషి కదిలితే పసిగట్టేదానికి నాలుగు కావాలి. రెండు దానికి తిండి పెట్టడానికి, రెండు అది మనకి చాడీలు చెప్పడానికి." తర్వాత నావైపు తిరిగాడు. "ఇది పన్నెండు వోల్టుల ప్రాణం, పసిపిల్లలాంటిది. ఇంటి కరెంటు వైరు పక్కన పడుకోబెడితే జడుసుకుంటుంది. అటక మీద దీనికి వేరే పైపు వేసి, అందులోంచి లాగు. కరెంటు పైపుకి జానెడు ఎడం ఉండాలి. నా మోకాళ్ళు అటక ఎక్కవు. చెయ్యగలవా?"

"గంటలో అయిపోతుంది," అన్నాను.

గంటలోనే అయిపోయింది. సాయంత్రం మేస్త్రి వచ్చి, కిందనుంచే అటకకి అటు చివరా ఇటు చివరా కొత్త పైపు చూసుకుని, "భేష్!" అని నా వీపు తట్టాడు. పరికరాలు బిగించి, సైరన్ కలిపి, దాన్ని మోగించడానికీ ఆపడానికీ ఒక రిమోట్ ఇచ్చాడు. అక్క ఆ సాయంత్రం తలుపు దగ్గరికి మూడే సార్లు వెళ్ళింది.

మంగళవారం పొద్దున సైరన్ మోగింది.

ఆ మోతకి ఎదురింటి పిల్లి ఇల్లు మారిపోయింది. అక్క చేతిలో కత్తెరతో పెరట్లోకి పరిగెత్తింది. దొంగ లేడు. మధ్యాహ్నం మళ్ళీ మోగింది. బుధవారం మూడుసార్లు. మేస్త్రి వచ్చి మరలన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. సెన్సర్ మార్చాడు. "పైపు వేరేదే కదా అబ్బాయ్?" అని అడిగాడు. "వేరేదే బాబాయ్," అన్నాను. గురువారం మళ్ళీ మోగింది.

శుక్రవారం ఆయన స్టూలు మీద కూర్చుని తన చేతులు తనే చూసుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నానమ్మా. తప్పెక్కడుందో అంతు చిక్కట్లేదు. నాకు కంటిచూపు తగ్గిందేమో. ఇంకెవరినైనా పిలిపించుకో."

"ఇంకెవరూ వద్దు బాబాయ్ గారూ," అంది అక్క. అప్పటికే దారపు ఉండలు అట్టపెట్టెలో సర్దుతోంది.

నోరు తెరిచాను. నిజం చెబుదామనే తెరిచాను. కానీ క్యూలో అబద్ధం ముందు నిలబడి ఉంది.

"నేనే అక్కా. రిమోట్‌తో మోగించాను. ఆటపట్టిద్దామని."

అక్క వెంటనే నమ్మేసింది. నా చరిత్ర అలాంటిది. పోయినేడు ఆమె కత్తెరని బకెట్ నీళ్ళలో వేసి ఐసుగా గడ్డకట్టించి, పుట్టినరోజు కానుకగా ఇచ్చాను. అక్క ఇప్పుడు కొలతల టేపుతో నా వీపు మీద నాలుగు అంటించింది. "గాడిదా! నా ప్రాణం తోడేశావు కదరా!" అంటూనే ఏడ్చి, నవ్వి, "అంటే సిస్టం బాగానే ఉందా?" అంది.

"బంగారంలా ఉంది."

మేస్త్రి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "బతికించావురా వెధవా," అని గ్లాసు అందుకుని కుళాయి తిప్పాడు. నీళ్ళు రాలేదు.

"ట్యాంకు ఖాళీ అయినట్టుంది, ఉండండి," అని అక్క మోటార్ స్విచ్ వేసింది.

సైరన్ కొంపలంటుకున్నట్టు అరిచింది.

నేను గది మధ్యలో నిలబడి ఉన్నాను. రెండు చేతుల్లో దారాల అట్టపెట్టె. పరీక్షించడానికి పొద్దున తీసుకున్న రిమోట్ మేస్త్రి చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది.

అక్క మోటార్ ఆపి, ఆ రిమోట్ లాక్కుని సైరన్ నోరు మూయించింది. మళ్ళీ మోటార్ వేసింది. అరిచింది. అంతా ఆపేసి, నా చేతులవైపు చూసింది.

"ఇప్పుడు ఏ చేత్తో నొక్కావురా?"

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "మోటార్ వైరు అటక మీదనుంచే పోతుంది కదమ్మా?" అన్నాడు నెమ్మదిగా. చూపు మాత్రం నామీదే ఉంది.

పెట్టె కింద పెట్టాను.

"పైపు వెయ్యలేదు బాబాయ్. రెండు చివర్లా మూరెడు ముక్కలు పెట్టాను, మీకు కనిపించేంత మేర. మధ్యలో అంతా మోటార్ వైరు ఉన్న పైపులోంచే లాగేశాను. అడ్డుగోడకి బెజ్జం పడలేదు, గంటలో అయిపోతుందని కోతలు కోసేశాను కదా. మీ చేతుల్లో తప్పేం లేదు. ఆటపట్టించాననడం కూడా అబద్ధమే అక్కా. జోకంటే కొట్టి ఊరుకుంటావు. బద్ధకమని తెలిస్తే ఇంకెప్పుడూ నన్ను నమ్మవని..."

మేస్త్రి సంచిలోంచి డ్రిల్లు తీసి నా చేతిలో పెట్టి అటకవైపు చూపించాడు; అక్క అట్టపెట్టెలోంచి ఒక దారపు ఉండ తిరిగి బయటికి తీసింది.