ముట్టుచెయ్యి తగిలిన మొలకలు

"నిజం చెప్పు. బయట కూసున్నప్పుడు వీటిని ముట్టినవా?"

మొలకలకు నీళ్ళు పోస్తున్న అహల్య ఉలిక్కిపడింది. "ఎందుకు ముడ్త? ముట్టలే" అంది భర్తతో.

శాలిబండలోని ఆ ఇంటి వాకిలి నిండా ముంతల్లో నీలగిరి మొలకలు. జంగలాత్ ఆఫీసులో, అంటే అడవుల శాఖలో, గుమాస్తా అయిన భర్త వేణుగోపాల్ వాటిని పెంచి చూపిస్తానని పైఅధికారికి మాటిచ్చాడు. మాటిచ్చింది ఆయన, నీళ్ళు మోసింది, ఎండకు చాప కట్టింది, మేకల్ని అదిలించింది మాత్రం అహల్య. ఆ లేతాకుల వాసనంటే ఆమెకు ప్రాణం. ఇప్పుడా ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచి, ఒక ముంత నుంచి ఇంకో ముంతకు పాకుతున్నాయి.

వేణుగోపాల్ ఇంగ్లీషు పుస్తకం చూసి తల్లికి చెప్పాడు కూడా. "గిది బూజు తెగులమ్మా. మచ్చవడ్డ ఆకులు తెంపి కాలవెట్టాలె. నీళ్ళు ఆకుల మీద గాదు, మొదట్ల పొయ్యాలె." అంతా చదివిన మనిషి, పుస్తకం మూయగానే మళ్ళీ పెళ్ళాం చేతుల వైపే చూశాడు! అత్తగారు సులోచనమ్మ ఊరుకుంటుందా? "ముట్టుచెయ్యి తగిల్తే పచ్చటి చెట్టయినా మాడుతది బిడ్డా" అంది. ఆ పూట అన్నం వడ్డిస్తూ అహల్య తన చేతుల్ని తానే అనుమానంగా చూసుకుంది. ఏడుపొచ్చింది.

మర్నాడే బయట కూర్చోవాల్సి వచ్చింది. ఆయనకు ఆకులు తెంపే తీరిక లేదు. అత్తగారేమో చెంబుతో మొలకల నెత్తిమీంచి నీళ్ళు కుమ్మరించి నడుం వాల్చింది. మొలకలు కళ్ళముందే మాడిపోతుంటే చాపమీద ఎట్లా కూర్చుంటుంది? అహల్య లేచింది. మచ్చపడ్డ ఆకులన్నీ తెంపి నీళ్ళపొయ్యిలో వేసింది. బయట కూర్చున్నన్ని రోజులూ అదే పని చేసింది.

కొన్నాళ్ళకు కొత్త చిగుళ్ళొచ్చాయి. వేణుగోపాల్ మురిసిపోయాడు. "చూసినవా అమ్మా! ఈసారి అహల్య ముట్టలే, మస్తుగ లేచినయ్."

ఊరుకుంటే లొల్లి లేకుండా పోయేది. అహల్య ఊరుకోలేదు. "ముట్టిన. బయట కూసున్న దినాలల్లనే ముట్టిన. మీరు చదివినట్టే ఆకులు తెంపిన."

ఆయన తల్లి వైపు చూశాడు. అత్తగారి తిట్ల కోసం అహల్య తలొంచుకుని నిలబడింది. సులోచనమ్మ మెల్లగా వచ్చి ముంతల ముందు కూర్చుంది. ఒక చిగురును వేలికొసతో నిమిరింది.

"కొత్తకోడలిగ వచ్చినప్పుడు ఈడ మల్లెచెట్టు ఉండె. ఎండిపోయింది. నా చెయ్యి తగిలే పోయిందని మా అత్త ఏడాది పొడుగునా అన్నది. గప్పటిసంది ఒక్క మొక్క పెట్టలే నేను." కోడలి ముఖంలోకి చూసింది. "అయితే గా మల్లెచెట్టును నేను సంపలేదా అహల్యా?"