పట్టి చూడని బట్ట

దశరథం శవం వాకిట్లో ఉంది. అతని చావు ఖర్చుకని దాచిన పైసలు కొండల్ ఫోనులో ఉన్నాయి.

నేను చూసిందే రాస్తున్నాను. సిరిసిల్లలో మా వాడకట్టులో సాంచలు నడిపేవాళ్లం నూరుమందికి పైనే ఉంటాం. పవర్‌లూమ్‌ను మేం సాంచ అంటాం. శనివారం కూలి చేతికొచ్చాక తలా ఇరవై రూపాయలు చావు ఫండులో వేస్తాం. బతికినన్నాళ్లూ షెడ్డు నడిపే ఆసామి ముందు చెయ్యి చాపిన మనిషి, చచ్చాకైనా ఎవరి ముందూ చాపకూడదని పెట్టుకున్న ఫండు అది. పన్నెండేళ్లుగా కొండల్ దగ్గరే ఉంది. సాంచ కార్మికుడే, హీరో చక్రధర్ అభిమాన సంఘానికి అధ్యక్షుడు కూడా. ఎవరికి రక్తం కావాలన్నా ముందు అతనే పరుగెత్తేవాడు. అందుకే నమ్మాం.

"కొనేటోడు లేడు రాజమన్నా. పొద్దుగాల్నుంచి అమ్మకానికి పెట్టిన. ఒక్కడు అడుగుతలేడు," అన్నాడు కొండల్.

ఫోను నా ముందు పెట్టాడు. తెర మీద చక్రధర్ సింహాసనం మీద కూర్చుని గిరగిరా తిరుగుతున్నాడు. కింద ఒక నంబరు. అంతే. చావు ఫండు మొత్తం పోసి అలాంటి బొమ్మలు నలభై కొన్నాడట. అతని మాట మీద వాడకట్టు పోరగాళ్లు కూడా తలా ఒకటి కొన్నారు.

శవం తలాపున కూర్చున్న శంకరవ్వ, దశరథం భార్య, మెల్లగా అడిగింది. "ఏందిరా అది?"

"కార్డు, పెద్దవ్వా. గీ నంబరుది దునియాల ఒక్కటే ఉంటదన్నరు. అందుకే రేటు పెరుగుతదన్నరు."

"నూలు బీము సాంచ మీదికి ఎక్కినంక ఒక్క పీసు నేసి సాంచ ఆపుతరారా ఎవలన్న? వాని బొమ్మ గోడగోడకు ఉండె గదా."

కొండల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. చదువురాని ముసలమ్మకు తట్టిన మాట వాడకట్టులో ఇంకెవరికీ తట్టలేదు. బొటనవేలితో నలిపి చూడందే మేం గజం బట్ట తీసుకోం. పోగు పలచనైతే వేలికే తెలుస్తుంది. అలాంటివాళ్లం, చేతికందని దాన్ని చూసి పైసలు పోశాం. చూపించినవాడు చక్రధర్ కాబట్టి పోశాం.

ఆ వీడియో నేనూ చూశాను. తెల్ల చొక్కా, కళ్లలో తడి. "తమ్ముళ్లూ, ఇన్నాళ్లూ మీరు నన్ను మోశారు. ఇప్పుడు నేను మిమ్మల్ని మోస్తాను. నా సింహాసనం కార్డు కొనండి, నాతో పాటు ఎదగండి," అన్నాడు. నాలుగు నెలలు రేటు పెరిగింది. తర్వాత పడిపోయింది. కంపెనీ ఫోను ఎత్తడం మానేసింది.

అద్దకం పని చేసే ముష్తాక్ చితికి కట్టెలు తెచ్చాడు. శవం మీద కప్పడానికి కొత్త బట్ట లేదు. దశరథం కూతురు నవనీత సాంచలకు నూలు కండెలు చుడుతుంది. ఆమె లేచి షెడ్డులోకి పోయి, తండ్రి చివరగా నేసిన సాంచ మీది తెల్లబట్టను కోసుకొచ్చి కప్పింది. అది ఎవరి ఆర్డరో అప్పుడు మేం ఆలోచించలేదు. పాడె లేచింది. ఒక కొమ్ము ముష్తాక్, ఒకటి నేను, ఒకటి కొండల్, ఒకటి పక్కింటి వెంకటేశ్ పట్టుకున్నాం.

శంకరవ్వ పాడె వెనక నడుస్తూ అంది. "మోస్తనన్నోడు ఏడిరా కొండల్? రాలే గదా."

ఆ మాట కొండల్ వీపు మీద పడింది. మానేరు ఒడ్డున శ్మశానం దాకా అతను తల ఎత్తలేదు.

మర్నాడు ఆసామి లక్ష్మణ్ షెడ్డుకొచ్చి కేకలు వేశాడు. "ఆర్డరు బట్టల ఆరు గజాలు కోస్తరా? అది ఎవలదనుకున్నరు? చక్రధర్ సారుది. వచ్చే ఆదివారం కరీంనగర్‌ల ఫంక్షనుంది. యాభై వేల కండువాలు ఇయ్యాలె."

"ఏం ఫంక్షన్ సేటూ?" అన్నాడు వెంకటేశ్.

"కొత్త కార్డులట. రెండో విడత."

షెడ్డులో సాంచలు టకటకా కొట్టుకుంటున్నాయి. మమ్మల్ని ముంచినవాడు ఇంకొకళ్లను ముంచడానికి పంచే కండువాను, మునిగిన మా చేతులే నేస్తున్నాయి. దానికి మాకు మీటరు లెక్కన కూలి. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా బతుకులో చేయలేదు.

నవనీత కండెల గంప కింద పెట్టింది. పోయి తండ్రి సాంచ ఆపింది. తర్వాత పక్కది. తర్వాత ముష్తాక్ తమ్ముడు షాబాజ్ తనది ఆపాడు. కాసేపటికి షెడ్డంతా చప్పుడు ఆగిపోయింది.

అక్కడే కూర్చున్నాం. మీటింగంటే అదే. పిలిచింది ఎవరూ లేరు.

"హీరోకు తెల్వదన్నా," అన్నాడు వెంకటేశ్, కార్డు కొన్నవాళ్లలో ఒకడు. "కంపెనోడు మోసం జేసిండు. సారుకు చెప్తే ఊకోడు."

"అయితే అడుగు," అంది నవనీత.

కొండల్ దగ్గర మేనేజరు నంబరు ఉంది. పన్నెండేళ్లు కటౌట్లు కట్టించుకున్న మేనేజరు. స్పీకరు పెట్టి అడిగాడు, ఏడుస్తూనే అడిగాడు. మనిషి చచ్చిపోయాడని చెప్పాడు. మేనేజరు ఓపికగానే విన్నాడు.

"చూడు కొండల్, అది యాడ్. సార్ నటుడు. డబ్బిచ్చారు, నటించారు. కొనమని ఎవరైనా మెడ మీద కత్తి పెట్టారా? నష్టం రావచ్చని కింద చిన్నక్షరాల్లో రాసే ఉంది కదా. కండువాలు మాత్రం టైముకు పంపించు."

ఫోను పెట్టేశాడు. వెంకటేశ్ ముఖం చూడలేకపోయాను. నా సంగతీ చెప్పాలి. ఇన్నేళ్లు యూనియన్ జెండా మోసినవాణ్ని, ఈ పోరగాళ్లు కటౌటుకు పాలు పోస్తుంటే నవ్వుకుంటూ పోయాను. పాలు పోసే చేతులు సాంచ నడిపే చేతులేనని గుర్తు పెట్టుకోలేదు. వాళ్లను నేను వదిలేస్తే చక్రధర్ పట్టుకున్నాడు. తప్పు నాదీ ఉంది.

"బంద్ వెడితే ఆర్డరు మహారాష్ట్రకు, భివండి సాంచలకు పోతది," అన్నాడు లక్ష్మణ్, ఈసారి గొంతు తగ్గించి. "మీకే పస్తు. నాకేం?"

"పస్తులు మాకు కొత్తనా?" అంది శంకరవ్వ. తలుపు దగ్గర ఎప్పుడు నిలబడిందో ఎవరం చూడలేదు. "మా ఆయన దూది మింగి మింగి సచ్చిండు. ఆయన నేసిన బట్ట మెడల ఏసుకొని వాడు ఇంకొకల పీనుగు పైసలు తింటడా? నేసేటిది లేదు."

లక్ష్మణ్ వెళ్లిపోయాడు. ఆర్డరు భివండి పోలేదు, అంత టైము లేదు. కండువాలు లేకుండానే ఫంక్షను జరిగింది.

ఆదివారం మేం కరీంనగర్ పోయాం. అప్పటికే నేసి ఉన్న తెల్లబట్ట తాను, కొయ్యకుండా, ఆటో మీద వేసుకుని పోయాం. ఇందులో కొంత కథ ఉంది. చక్రధర్ సినిమా వచ్చిన ప్రతిసారీ కొండల్ గుంపు సొంత యారన్‌తో, అంటే సొంత నూలుతో, కూలి లేకుండా, ఆదివారం సాంచ నడిపి ఒక తాను నేసేది. ఆ మొదటి పీసు కటౌటు మెడలో పడ్డాకే సిరిసిల్లలో మొదటి ఆట. రాబోయే సినిమాకని అలాగే నేసిపెట్టిన ఈ తానును కొండల్ ఫంక్షన్ హాలు ముందు రోడ్డు మీద పరిచాడు. పీసుల మీద నంబర్లు రాసే మార్కరు తీసి మొదటి పేరు రాశాడు. దశరథం. దాని కింద తన పేరు. పక్కన, "ఈ పైసలు పోగొట్టింది నేను, పోగొట్టించింది చక్రధర్," అని రాశాడు.

లోపలికి పోతున్న పోరగాళ్లు ఆగారు. కొందరు తిట్టారు. ఒకడు కొండల్ కాలర్ పట్టుకున్నాడు. "మా అన్నను అంటవురా?"

"నేను గూడ గిట్లనే పట్టిన తమ్మీ, పోయినేడు ఒకని కాలరు," అన్నాడు కొండల్. "నీ ఫోన్ల కార్డు ఉన్నదా? ఉంటే గిప్పుడే అమ్మి చూపియ్యి. నేను పోత."

అతను ఫోను తీశాడు. చాలాసేపు నొక్కాడు. తర్వాత కాలర్ వదిలి, మార్కరు అడిగాడు. నస్పూర్ నుంచి వచ్చాడట, తండ్రిది బొగ్గు బాయి పని. తండ్రి పేరు కూడా రాశాడు, పైసలు ఆయనవి కాబట్టి. ఆ వెనక చెన్నూరు పిల్లలు. ఆ వెనక బుర్ఖాలో ఒక తల్లి, మక్సూదా, కొడుకు పేరు ఉర్దూలో రాసింది. మార్కర్లు చాలలేదు. షాబాజ్ పరుగెత్తి ఇంకో పది తెచ్చాడు.

చక్రధర్ కారు వచ్చింది. బట్ట దగ్గర ఆగింది. అద్దాలు దిగలేదు. నల్లటి అద్దం మీద మా ముఖాలే కనబడ్డాయి. పోలీసులు దిగి కొండల్‌ను, వెంకటేశ్‌ను, ఆ నస్పూర్ పిల్లవాణ్ని వ్యానులో ఎక్కించారు. బట్ట మీదుగానే కారు లోపలికి పోయింది. పేర్ల మీద టైర్ల అచ్చులు పడ్డాయి.

వ్యాను కిటికీలోంచి కొండల్ అరిచాడు. "రాజమన్నా, బట్ట మడువకుండ్రి. ఇంకా రాసేటోళ్లు ఉన్నరు."

నిజంగానే ఉన్నారు. వరస మలుపు దాటింది. ఫంక్షన్ హాలులో కుర్చీలు సగం ఖాళీ అని లోపలి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. మా పైసలు రాలేదు. ఇవాళ్టికీ రాలేదు. వస్తాయని అబద్ధం రాయను. రెండో విడత కార్డులు మాత్రం కరీంనగర్‌లో ఆ రోజు అమ్ముడుపోలేదు.

మధ్యాహ్నానికి తాను అయిపోయింది. చివరి అంచున రాస్తున్న పిల్ల, చోటు లేక తలెత్తి చూసింది. వెనక ఇంకా జనం. శంకరవ్వ నా ఫోను అడిగి తీసుకుంది. సిరిసిల్లలో షెడ్డు దగ్గర ఉన్న నవనీతకు కలపమంది.

"బిడ్డా, బట్ట ఒడిసింది," అంది. "సాంచలు నడుపుండ్రి."

ఫోనులోంచి వినబడింది. ముందు ఒక సాంచ, తర్వాత ఇంకొకటి. ఆరు రోజులుగా ఆగిన షెడ్డు మళ్లీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది ఆదివారం. కూలి లేదు, యారన్ మాదే.