తెరిచి ఉంచిన పేజీ

చిన్నోడు ఆ సైటు తయారు చేసింది నిజానికి అక్క కోసమే. అక్క దర్జీ. కొలతలు ఇస్తే చాలు, చొక్కాకైనా గౌనుకైనా గుడ్డ మీద ఎక్కడ గీత గీయాలో, ఎక్కడ కత్తెర పెట్టాలో ఆ సైటు బొమ్మ గీసి చూపిస్తుంది. అక్క నోటి మాటగా అది దర్జీలందరికీ పాకిపోయింది. దాంతో ఇంట్లో చిన్నోడికి మర్యాద పెరిగి, టీ అడక్కుండానే చేతికి రావడం మొదలైంది.

వాడేవాళ్ళు పెరిగేకొద్దీ సర్వరు అద్దె కూడా పెరిగింది. ప్రకటనలు పెడితే అక్క ఊరుకోలేదు.

"చంక కొలత మీదకొచ్చి కూర్చుంటోందిరా ఆ సబ్బు బొమ్మ. నేనేం కత్తిరించను, సబ్బునా?" అంది.

పోనీ డబ్బు అడుగుదామంటే చిన్నోడికి మొహమాటం. మొహమాటానికి తెలివి కూడా తోడైతే మనిషి ఎంతకైనా తెగిస్తాడు. ఎక్కడో చదివొచ్చి పేజీ వెనకాల ఒక కోడు అతికించాడు. పేజీ తెరిచినవాళ్ళ కంప్యూటరు, దాన్ని మూసేదాకా గుట్టుచప్పుడు కాకుండా ఏవో లెక్కలు చేస్తుంది. ఆ లెక్కలకు ప్రతిఫలంగా చిన్నోడి ఖాతాలో క్రిప్టో నాణేల తునకలు పడతాయి. సర్వరు అద్దె గడిచిపోతుంది, ఎవరి జేబూ తడమక్కర్లేదు. అబ్బో, ఏం జబ్బలు చరుచుకున్నాడో. పేజీ మీద మాత్రం ఆ సంగతి ఒక్క ముక్క రాయలేదు.

అసలు పప్పులో కాలేసింది ఎక్కడంటే, అందరూ బొమ్మ చూసుకుని వెంటనే పేజీ మూసేస్తారనుకున్నాడు. దర్జీలు అలా మూయరు. కటింగ్ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక చేత సుద్ద, ఇంకో చేత టేపు పట్టుకుని పొద్దస్తమానం ఆ బొమ్మకేసి చూస్తూనే ఉంటారు. అక్క పొద్దున్న తెరిచిందంటే కొట్టు కట్టేదాకా మూసేది కాదు.

అదే ల్యాప్‌టాప్‌లో అక్క ఒక కోర్సు కూడా చదువుతోంది. ఆ పరీక్ష గట్టెక్కితే కుట్టు శిక్షణ కేంద్రంలో టీచరుగా తీసుకుంటామన్నారు. మిషను తొక్కి తొక్కి మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి అది చిన్న విషయం కాదు. ఇంటి పనికీ కొట్టు పనికీ మధ్య వేరే తీరిక లేక, గుడ్డ కత్తిరిస్తూనే పాఠాలు వినేది.

"చిన్నోడా, ఇది కుంపటిలా కాలుతోందిరా. పైగా ఆ ఫ్యాను గోలొకటి. ఏమైందంటావు?" అని అడిగింది ఒకసారి.

రోజంతా ఆ లెక్కలు చేసీ చేసీ అది వేడెక్కుతోందని చిన్నోడికి తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు.

"పాతదైపోయింది కదక్కా. ఒకేసారి రెండు మూడు తెరిచి దాని మీద ఎక్కువ బరువు పెట్టకు" అని బుకాయించాడు. కోడు జోరు తగ్గించాలనే అనుకున్నాడు. రేపు చూద్దాంలే, ఎల్లుండి చూద్దాంలే అంటూ ఆ ఊసే మరిచిపోయాడు. బరువు పెట్టకన్న ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే ఎంత బాగుండునని తర్వాత ఎన్నిసార్లు కుమిలిపోయాడో అతనికే తెలియాలి.

పరీక్షల రోజులు దాటాక, "ఎలా రాశావక్కా?" అన్నాడు.

"ఎక్కడి పరీక్షరా, ఎప్పుడో మానేశాగా. పాఠం చెప్పే ఆవిడ నోరు తెరిస్తే తెరిచినట్టే ఆగిపోయేది. బరువు పెట్టొద్దని నువ్వేగా అన్నావు. నీ సైటు ఆపితే కొట్టు నడవదు, అందుకని పాఠాలే ఆపేశాను." నిష్ఠూరంగా కాదు, దారం పంటితో తెంపుతూ మామూలుగానే అంది. "ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేశార్లే."

చిన్నోడికి తల కొట్టేసినట్టయింది. ఇకమీదట అడగందే ఎవరి కంప్యూటరూ ముట్టుకోకుండా ఆ రోజే కోడు మార్చాడు. మర్నాడు పొద్దున్నే కొట్టుకొచ్చి, మిషను పక్కన నిలబడి ఉన్నదంతా చెప్పేశాడు.

అక్క మిషను ఆపింది. సూది కింది గుడ్డను మెల్లగా లాగి మడతపెట్టింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది చిన్నోడికి.

"అడిగితే ఇచ్చేదాన్ని కదరా" అంది చివరికి. "పాఠాలు వినేటప్పుడు ఆపుకుని, మిగతా టైమంతా వాడుకోమనేదాన్ని. నీకివ్వనా నేను?"



ఇంతలో గుమ్మంలోంచి ఎవరో చొక్కా కుట్టాలని పిలిచారు. అక్క లేచి ల్యాప్‌టాప్ తెరిచి, సైటు పెట్టింది. చిన్నోడు కొత్తగా రాసిన మాటలు తెర మీదకొచ్చాయి. 'ఈ సైటు నడవడానికి మీ కంప్యూటరు శక్తి కొంత వాడుకోవచ్చా?' కింద రెండు బటన్లు, 'సరే', 'వద్దు'.

అక్క కళ్ళజోడు సవరించుకుని నెమ్మదిగా చదివింది. పక్కనే నిలబడ్డ తమ్ముడి వంక చూడలేదు. 'వద్దు' నొక్కి, టేపు మెడలో వేసుకుని కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది.